చక్రాల ఇల్లు, మూడు ట్యాంకులు



ఏప్రిల్ దాటుతుంటే మా బెజవాడలో ఏటా రెండు పనులు జరుగుతాయి. కాలువలు కట్టేస్తారు. రిటైరైన తల్లిదండ్రులు అమెరికా విమానం ఎక్కుతారు. మొదటిది కృష్ణ మీది పాత ఆనకట్ట నాటి నుంచీ వస్తున్న పద్ధతి. రెండోది మా తరంలో మొదలైంది. పిల్లల ఉద్యోగాలు అక్కడ, మనవల చదువులు అక్కడ. ఇక్కడేమో ఎండ 45 డిగ్రీలకు పోతుంది. కొత్తావకాయ జాడీలోకి ఎక్కిందంటే ఇక ఇంట్లో మిగిలిన పనేముంది?

మా అమ్మాయీ అల్లుడూ ఉండేది మినసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ పక్కన. అమెరికా పటంలో బాగా పైన, కెనడాకు ఆనుకుని ఉంటుంది. అక్కడ కార్ల నంబరు పలకల మీదే పదివేల సరస్సులు అని రాసుకున్నారు. అది గొప్పలకు రాసుకున్న మాట కాదు, తగ్గించి రాసుకున్నదే. పదెకరాలకు తగ్గని సరస్సులు లెక్కపెడితే 11,842 తేలాయట. పదివేల ఏళ్ల కిందట మంచు పలకలు ఉత్తరానికి వెనక్కి జరుగుతూ నేలను గోకేసి వదిలిన గుంటలవి. చలికాలమంతా గడ్డకట్టి, వాటి మీద కార్లు నడిపేంత గట్టిగా ఉంటాయి. అందుకే ఎండాకాలం వచ్చిందంటే ఊరికి ఊరే ఉత్తరానికి కదులుతుంది. మేమూ కదిలాం. అద్దెకు తెచ్చిన ఇంటితో సహా కదిలాం. ఇవాళ నేను చెప్పబోయేది ఆ ఇంటి గురించి, ఆ ఇంటి నీళ్ల గురించి.

దాన్ని వాళ్లు ఆర్‌వీ అంటారు. ముందు భాగం వ్యాను, వెనక భాగం కొంప. లోపల పరుపులు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, సింకు, స్నానానికి నిలబడేంత గది, పాయిఖానా. డ్రైవరు నెత్తి మీద అటక, అటక మీద ఇద్దరు పడుకునే చోటు. అది మా మనవరాలు ముందే ఆక్రమించింది. నడపడానికి లారీ లైసెన్సు అక్కర్లేదు, మామూలు కారు లైసెన్సు చాలు. బయల్దేరే ముందు ప్రతి అరకూ గడియ వేసుకోవాలి. ఒక్కటి మరిచిపోయామా, మొదటి మలుపులోనే స్టీలు గిన్నెలన్నీ కచేరీ పెడతాయి.

ఇలా ఇంటిని మోసుకుపోవడం మనకు కొత్తని అనుకోకండి. 1830 మే 18న, నడి వేసవిలో, ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరింది డేరాలతో, బోయీలతో, వంట సామగ్రితోనే. మజిలీ మజిలీకీ నీళ్లెలా ఉన్నాయో, సరుకులేం దొరికాయో రాసుకుంటూ వెళ్లాడు. తిరిగి ఇల్లు చేరేసరికి మరుసటేడు సెప్టెంబరు వచ్చింది. మా చిన్నప్పుడు కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు గూడు బండ్లు కట్టుకుని, బండి కింద లాంతరు వేలాడదీసి, వెనక వరిగడ్డి మోపు కట్టుకుని వెళ్లేవాళ్లు. ఇప్పటి కాశీయాత్ర బస్సుల్లో వంటమనిషీ, గ్యాసు బండలూ, బియ్యం బస్తాలూ సగం బస్సు ఉంటాయి. కాబట్టి దారి పక్కన పొయ్యి వెలిగించడం మా ఇంటావిడకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆర్‌వీలో ఇడ్లీ పాత్ర పట్టే పొయ్యి ఉందా లేదా అన్నది ఒక్కటే ఆమె అడిగిన ప్రశ్న. ఉంది.

నేను నా ఉద్యోగమంతా డెల్టా కాలువల మీద చేశాను. లాకులు, షట్టర్లు, గేజీలు, వంతులు. అందువల్ల బండిలో నా కన్ను మొదట పడింది తలుపు పక్కన గోడకున్న చిన్న పలక మీద. దానికి కొన్ని బొత్తాలు, కొన్ని దీపాలు. నొక్కితే మూడు ట్యాంకుల మట్టాలు చూపిస్తుంది. మొదటిది మంచినీళ్ల ట్యాంకు. రెండోది సింకులో, స్నానంలో వాడిన నీళ్లు చేరే ట్యాంకు, దాన్ని బూడిదరంగు ట్యాంకంటారు. మూడోది పాయిఖానాది, దానికి నల్లరంగు పేరు. మూడూ బండి అడుగునే ఉంటాయి. మొదటిది తగ్గుతుంటే మిగిలిన రెండూ నిండుతుంటాయి.

రిటైరయ్యాక మళ్లీ గేజీ చూసే యోగం పట్టిందని మా అమ్మాయి నవ్వింది. నాకు మాత్రం అది నవ్వులాట కాలేదు. అయిదుగురి కుటుంబం, ఒక తొట్టెడు నీళ్లు. నేను పళ్లు తోముకుంటూ కుళాయి వదిలేస్తే దీపం ఒక మెట్టు దిగుతుంది, పక్క ట్యాంకు దీపం ఒక మెట్టు ఎక్కుతుంది. అది కళ్లెదుట కనిపిస్తుంది. స్నానం అంటే తడుపుకోవడం, కుళాయి కట్టడం, సబ్బు రుద్దుకోవడం, మళ్లీ విప్పడం. సాంబారు గిన్నె కడిగే ముందు కాగితంతో తుడిచి ఆ కాగితం చెత్తబుట్టలో వెయ్యాలి. లేకపోతే బూడిదరంగు ట్యాంకు కంపు కొడుతుంది, ఆ కంపు పీల్చేదీ మనమే. చక్రాల మీద ఒక బుల్లి డెల్టా అది: హెడ్ రెగ్యులేటరూ మనదే, టెయిలెండూ మనదే. పైన వాడుకునేవాడికీ కింద అనుభవించేవాడికీ మధ్య ఉన్న దూరం నాలుగడుగులు.

సర్కారు పార్కులో బండి నిలిపే చోటు నెలల ముందే రిజర్వు చేసుకోవాలి. చోటు చోటుకీ ఒక నంబరు, కరెంటు ప్లగ్గు పెట్టుకునే స్తంభం, నెగడు వేసుకునే ఇనప చక్రం, చెక్క బల్ల. రాత్రి పది నుంచి పొద్దున ఎనిమిది దాకా చప్పుడు చేయకూడదు. మైకు లేకుండా సంతోషపడటం మనకు కాస్త అలవాటు తప్పిన విద్య. రెండు రాత్రులకు అదే బాగుందనిపించింది. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిది దాటాక గాని చీకటి పడదు. తిండి పదార్థాలేవీ బయట వదలొద్దని, నల్ల ఎలుగుబంట్లు వస్తాయని బోర్డు పెట్టారు. మా ఆవిడ ఆ బోర్డు చదివించుకుని, ఆవకాయ ఒకసారి తిన్న ఎలుగు మళ్లీ రాదులెండి అంది. అయినా జాడీని లోపలే పెట్టింది. దోమల గురించి మాత్రం ఏ బోర్డూ లేదు. కృష్ణా జిల్లా మనిషిని, దోమ నాకు లెక్క కాదనుకున్నాను. వాటి కుట్టుడు మన దోమలకు ఏమాత్రం తీసిపోదు.

ముందు డులూత్ అనే ఊరు వెళ్లి, అక్కణ్ణుంచి సుపీరియర్ సరస్సు ఒడ్డునే 61వ నంబరు రోడ్డు పట్టుకున్నాం. సరస్సంటే నా ఊహలో అవతలి గట్టు కనపడాలి. దీనికి కనపడదు. 82 వేల చదరపు కిలోమీటర్లు, గరిష్ఠ లోతు 406 మీటర్లు. విస్తీర్ణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు. ఇనప ఖనిజం మోసే ఓడలు డులూత్ రేవులోకి వస్తుంటే వంతెన మొత్తం లిఫ్టులాగా పైకి లేస్తుంది. లాకుల మనిషిని కదా, దాని దగ్గర నుంచి నన్ను కదిలించడం ఇంట్లోవాళ్లకు కష్టమైంది. 1905 నవంబరు తుఫానులో ఓడలు వరసగా మునిగాక కొండ కొమ్ము మీద కట్టిన దీపస్తంభం ఒకటుంది, స్ప్లిట్ రాక్ అని. 1910లో వెలిగింది. ఫొటోల్లో మీరు చూసే ఉంటారు. నీళ్లలో కాళ్లు పెడితే జూన్‌లో కూడా ఎముక జివ్వుమంటుంది. మా మనవరాలు దిగింది. నేను గట్టు మీద నుంచి ప్రోత్సహించాను.

ఆ ఒడ్డు వదిలి పడమటగా ఇటాస్కా సరస్సుకు వెళ్లాం. నా మట్టుకు నాకు ప్రయాణమంతా ఒకెత్తు, ఆ చోటు ఒకెత్తు. మిసిసిపీ నది పుట్టేది అక్కడే. సరస్సు ఉత్తరపు కొసన వరసగా రాళ్లు పేర్చి ఉంటాయి. ఆ రాళ్ల మీద నుంచి నీళ్లు జారుతుంటాయి. పిల్లలు వాటి మీద గెంతుకుంటూ మిసిసిపీని దాటేస్తుంటారు. పక్కన ఒక చెట్టు మొద్దు మీద, ఇక్కణ్ణుంచి సముద్రం దాకా 2,552 మైళ్లని చెక్కి ఉంది. అక్కడ ప్రవాహం సగటున ఆరు క్యూసెక్కులు. శ్రోతల్లో రైతులుంటే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మన లెక్కన మూడు నాలుగు వందల ఎకరాల వరికి సరిపోయే తూము నీళ్లవి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోవడం విన్నవాణ్ణి, ఒక మహానదిని మోకాలి లోతున దాటాను.

మనం డెల్టా వాళ్లం. మహాబలేశ్వరం కొండల్లో పుట్టిన కృష్ణమ్మ 1,400 కిలోమీటర్లు నడిచి, మూడు రాష్ట్రాలు వాడుకోగా మిగిలినది మన గుమ్మంలోకి వస్తుంది. హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది తోక మనది. తోక దగ్గర బతికేవాడికి పైవాడి మీద ఫిర్యాదు ఎప్పుడూ ఉంటుంది. పైవాడు వదల్లేదంటాం, లేదా వదిలేశాడంటాం. నది తల దగ్గర నిలబడటం నాకు అదే మొదలు. అక్కడి ఆరు క్యూసెక్కుల్లో ఒక నీటి చుక్క సముద్రం చేరడానికి 90 రోజులు పడుతుందని పార్కువాళ్లు చెబుతారు. ఆ 90 రోజుల దారిలో ఎన్ని ఊళ్లు, ఎన్ని గొట్టాలు.

ఇంకో సంగతి. ఆ రాళ్ల వరస దేవుడు పేర్చింది కాదు. 1930ల్లో అక్కడి బురద నేలను సరిచేసి, కింద కాంక్రీటు పోసి, పైన రాళ్లు పేర్చారు. అంటే చిన్న ఆనకట్ట. ఫొటోలు దిగుతున్నవాళ్లకు అది తెలియకపోవచ్చు గాని, కట్టుబడి చూసిన కంటికి తెలిసిపోతుంది. నాకది మోసం అనిపించలేదు. అంతమంది తొక్కే చోటును కాపాడాలంటే ఎవరో ఒకరు పూనుకుని కట్టక తప్పదు.

అక్కడి సందర్శకుల కేంద్రానికి మేరీ గిబ్స్ పేరు పెట్టారు. ఆమె కథ మన లాకుల దగ్గర చెప్పుకోవలసిన కథ. 1903లో ఆ పార్కు బాధ్యత చూసే తండ్రి చనిపోతే, 24 ఏళ్ల ఆ అమ్మాయి కమిషనర్‌గా పని అందుకుంది. అప్పట్లో అడవి నరికి దుంగల్ని నదిలో తేలేసి పంపేవాళ్లు. దుంగలు కదలడానికి నీళ్లు చాలక, దిగువన డ్యాం కట్టి షట్టర్లు దించారు. సరస్సు మట్టం పెరిగి ఒడ్డున ఉన్న పాత పైన్ చెట్లు నీట మునగసాగాయి. ఆమె వెళ్లి షట్టర్లు ఎత్తమంది. కాపలావాళ్లు తుపాకీ చూపించి బెదిరించారు. ఆమె వెనక్కి తగ్గలేదు. ఉద్యోగం మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. షట్టరు దగ్గర రాత్రిపూట కర్రలతో నిలబడ్డ టెయిలెండ్ రైతుల్ని నేను చూశాను గనక ఆ తుపాకీ నాకు ఆశ్చర్యం కలిగించలేదు. పై అధికారి ఏమంటాడో, ఎమ్మెల్యే ఏమంటాడో అని ఆలోచించకుండా చెట్ల పక్షాన ఒక ఉద్యోగి వెళ్లి నిలబడటం ఆశ్చర్యం.

ఆ ఉత్తరపు సరస్సుల్లో ఒక గడ్డి పండుతుంది, అక్కడివాళ్లకది ధాన్యం. ఒజిబ్వే అనే ఆదివాసులు వేసవి చివర చిన్న పడవల్లో వెళ్లి, ఒక కర్రతో కంకులు వంచి, ఇంకో కర్రతో తట్టి, గింజలు పడవలోనే రాలుస్తారు. దున్నడం లేదు, నాటడం లేదు. పడవలో రాలింది పోగా నీళ్లలో పడింది మరుసటేటికి విత్తనం. సన్నగా పొడుగ్గా నల్లటి గింజ. ఉడకడానికి దాదాపు గంట పడుతుంది. మా ఆవిడ దాంతో పులిహోర కలిపింది. తిన్నాం. సన్నబియ్యానికి వచ్చిన ముప్పేమీ లేదు. కాని ఆ పంటకు లోతు తక్కువున్న, మురుగు కలవని నీళ్లు కావాలి. మట్టం హఠాత్తుగా పెరిగినా, నీళ్లు చెడినా రాదు. కాబట్టి సరస్సును కాపాడాలని చట్టం రాసుకోవడానికి ముందే అక్కడ తిండి గింజ ఆ పని చెబుతూ వచ్చింది.

చట్టాలూ ఉన్నాయి. పడవను ఒక సరస్సులోంచి తీస్తే, రోడ్డెక్కే ముందు అడుగున ఉన్న బిరడా పీకి నీళ్లన్నీ కార్చెయ్యాలి. అంటిన నాచు దులపాలి. లేకపోతే జరిమానా. బయటి నుంచి వచ్చి పడ్డ గుల్లపురుగులు ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పాకకుండా ఆ జాగ్రత్త. గుర్రపుడెక్క ఎక్కడో దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన కాలువల్ని ఎలా కప్పేసిందో తెలిసినవాళ్లకు ఆ బిరడా విలువ చెప్పనక్కర్లేదు.

ఇక డంప్ స్టేషన్. పార్కు వదిలే ముందు ప్రతి బండీ అక్కడ ఆగాలి. సిమెంటు గచ్చులో ఒక రంధ్రం, దానికో మూత. మా అల్లుడు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, "మావయ్యగారూ, మీరు లోపల కూర్చోండి" అన్నాడు. నేను దిగాను. ముందు నల్లరంగు ట్యాంకు గొట్టం తగిలించి విప్పాలి. అది ఖాళీ అయ్యాక బూడిదరంగుది విప్పాలి. సబ్బు నీళ్లు గొట్టాన్ని కడుగుతాయి. వరస తప్పితే ఆ గొట్టంతో మిగతా ప్రయాణం చేసే దురదృష్టం మనదే. మా వెనక నాలుగైదు బండ్లు లైనులో ఉన్నాయి. పెద్ద ఉద్యోగస్తుల్లాగే ఉన్నారు. ఎవరి గొట్టం వాళ్లు పట్టుకున్నారు. పక్కనే చెట్ల చాటు ఉంది, ఎవరూ చూడరు, అయినా చుక్క నేల మీద వదిలినవాళ్లు కనపడలేదు. ఆ సరస్సులన్నీ చూపించిన అందం ఒక ఎత్తయితే, ఆ లైను నాకు చూపించినది ఇంకో ఎత్తు. సరస్సు పొద్దున అద్దంలా ఉండటానికి కారణం మంచు యుగం ఒక్కటే కాదు, ఆ లైను కూడా.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. బెజవాడలో ఇంటి నుంచి బయటికెళ్లిన నీళ్లు ఎటు పోతాయో మనలో ఎందరికి తెలుసు? నాకు ఉద్యోగరీత్యా తెలుసు. శుద్ధి చేసే ప్లాంట్లున్నాయి. అన్ని ఇళ్ల నీరూ వాటి దాకా చేరదు. చేరనిది వీధి కాలువల్లో పడి, కొంత బుడమేరులో కలుస్తుంది. మైలవరం కొండల వైపు నుంచి వచ్చే వాగు బుడమేరు. వెలగలేరు దగ్గర దాని వరదను కృష్ణలోకి మళ్లించడానికి డైవర్షన్ కాలువ తవ్వారు. మిగిలినది ఊరి ఉత్తరపు శివార్లు చుట్టుకుని, ఎనికేపాడు దగ్గర కాలువ కిందుగా సొరంగంలో దూరి, తూర్పుగా వెళ్లి కొల్లేట్లో పడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో గట్లు తెగి అదే బుడమేరు సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచింది. ఆ ఒక్క వారం బుడమేరు పేరు తెలియనివాడు రాష్ట్రంలో లేడు. మిగతా రోజుల్లో అది మనకు మురుక్కాలువ, ముక్కు మూసుకుని దాటే వంతెన.

కొల్లేరుకు అటు తమ్మిలేరు ఏలూరు మీదుగా వస్తుంది. గుడివాడ వైపు డ్రెయిన్లూ అక్కడికే. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న పళ్లెం అది. చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. రెండు డెల్టాల వరద కాసేపు అక్కడ ఆగి, ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికి పోవాలి. 1999లో దాన్ని అభయారణ్యం చేశారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో కోర్టు ఉత్తర్వులతో చేపల చెరువుల గట్లు పేల్చారు. ఆ చెరువుల మీద బతికిన లంక గ్రామాల వాళ్ల కష్టం వేరే ప్రసంగానికి సరిపోయేంత ఉంది, దాన్ని రెండు వాక్యాల్లో తేల్చడం న్యాయం కాదు. ఒక్కటి మాత్రం చెబుతాను. కొల్లేరు పాడైందనగానే చేపల చెరువుల వాళ్ల వైపు వేలు చూపించడం పట్నం వాళ్లకు సులువు. ఆ వేలు చూపించే చేయి పొద్దున కడుక్కున్న నీళ్లు కూడా అక్కడికే పోతున్నాయి.

మా శాఖలో కాలువల మీద పోస్టింగంటే మర్యాద ఉండేది. డ్రెయిన్ల మీద వేస్తే ఏదో శిక్ష పడ్డట్టు చూసేవాళ్లు. నీళ్లిచ్చేవాడికి దండలు, నీళ్లు తోడేవాడికి తిట్లు. నా అభిప్రాయం ఏమిటంటే, డెల్టాలో సాగు నీటి కాలువకు ఎంత మనిషి బలం, ఎంత డబ్బు పెడతామో డ్రెయినుకూ అంత పెట్టాల్సిందే. ప్రతి లాకు దగ్గరా గేజీ ఉంది. బుడమేరులో ఎంత నీరు పోతోందో, ఎలాంటి నీరు పోతోందో సింగ్‌నగర్ వంతెన మీద నడిచే మనిషికి కనపడేలా రోజూ ఒక బోర్డు మీద రాయాలి. ఆర్‌వీలో ఆ మూడు దీపాలు లేకపోతే మేమూ కుళాయి కట్టేవాళ్లం కాదు.

సమయం అయిపోతోంది గనక రెండు మాటలు మనవి చేసి సెలవు తీసుకుంటాను. ఈ చలికాలం కొల్లేరు చూడటానికి కైకలూరు పక్కన ఆటపాకకు వెళ్లండి. గుడివాడ మీదుగా రైలుంది, బస్సులున్నాయి. గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉంటాయి, అటవీ శాఖ వాళ్ల పడవలో తిరిగి చూడవచ్చు. తీసుకెళ్లిన ప్లాస్టిక్ సంచీ తిరిగి ఇంటికి తెచ్చుకోండి. దానికంటే ముందు, మీ ఇంటి మురుగు గొట్టం ఎక్కడ కలుస్తోందో కార్పొరేషన్ వాళ్లను అడిగి తెలుసుకోండి. భూగర్భ డ్రైనేజీ మీ వీధిలోకి వచ్చి కూడా మీ ఇల్లు ఇంకా దానికి కలపకుండా ఉంటే, ఈ వానలు మొదలయ్యే లోపలే కలిపించుకోండి.